పట్టుచీర పరీక్షకు నిలిచిన మేడగది నేల

మా మామగారు వేసవి వచ్చిందంటే రాయచూరు దారిన పోయే బాటసారులందరికీ కుండలకొద్దీ మజ్జిగ పోయించిన పుణ్యాత్ములు. మా అత్తగారు బాలింత ఉన్న ఏ ఇంటికైనా అడగకుండానే నెయ్యి పంపిన ఇల్లాలు. గద్వాలలో అటువంటివారి ఇంటికి పెద్దకోడలిగా వచ్చిన నేను, మొన్న మంగళవారం, పల్లికాయ బస్తాల నడుమ కాళ్ళు పైకి, తల కిందికిగా దర్శనమిచ్చాను. ఎట్లు జరిగినదో వినండి.

మా మేడగదికి టేకు పలకల నేల ఉన్నది. ఏటా పల్లికాయ బస్తాలు అందులోనే ఉంచడం నా అలవాటు. ఈసారి మా మనవరాలు హారిక అక్కడ పిల్లలకు నాట్యం నేర్పుతానని పట్టుబట్టినది. శంకర్ అనే పనివాణ్ణి మా అబ్బాయి పిలిపించి, యంత్రంతో పలకలన్నీ నునుపు చేయించి, వార్నిష్ పూయించాడు. అది ఆరిన పిమ్మట మంచిచెడ్డలు తేల్చవలసినదానను నేను. చేతితో చిత్రిక పట్టని నేల నేలయే కాదని నా అభిప్రాయం. అందువల్ల పరీక్షకు ముందే బస్తాలను పైకెక్కించి, గది ముందరి వసారాలో సిద్ధంగా పెట్టించాను.

శంకర్‌కు వినయం అలవడలేదు. "గీ నేల మీద చీమ నడిస్తే జారి పడ్తదమ్మా. హైదరాబాద్‌ల గూడ గిట్ల చేసెటోడు లేడు" అన్నాడు.

"చీమ సాక్ష్యం నాకు అక్కరలేదు. మా ఇంట నేలను పరీక్షించేది పట్టుచీర" అన్నాను.

అది మా అత్తగారి పద్ధతి. నేల బాగుచేయించినప్పుడల్లా ఇంటి పెద్దావిడ గద్వాల పట్టుచీరను మడతలు వేసి దానిపై కూర్చుండవలెను. కొంగు పట్టుకొని ఇద్దరు ఆమెను ఒక గోడనుండి మరొక గోడవరకు లాగవలెను. ఒక్క పోగు లేచినా పనివాడు పని మళ్ళీ మొదలుపెట్టవలసినదే. మా అత్తగారిని లాగినప్పుడు నేను కళ్ళారా చూశాను. ఆమె ఎంత నిదానంగా సాగినదంటే, దారిలోనే రాత్రి కూర ఏమిటో నిర్ణయించి, నా నడకలో లోపాలు కూడా చెప్పినది.

నేనూ అట్లే కూర్చున్నాను. ఒక్క పోగు లేచినా ఈ గది పల్లికాయకేనని ప్రకటించాను. హారిక ముఖం వాడిపోయింది. శుక్రవారం నుండి తరగతి అని పిల్లల తల్లిదండ్రులందరికీ చెప్పుకున్నది పాపం. అదీ, మా కోడలు సుజాతా కలిసి కొంగు పట్టుకున్నారు.

"మెల్లగ గుంజుతం అత్తమ్మా" అన్నది సుజాత.

"నేనేమైనా గాజుబొమ్మనా? బలమంతా పెట్టి లాగండి."

పెట్టారు. నేను వస్తున్న వేగం చూసి ఇద్దరూ కొంగు వదిలి చెరొక పక్కకు దూకారు. వారి వెనుక ద్వారం ఉన్నది. ద్వారానికి గడప ఉండవలెను. దానినికూడా నునుపు చేయవలసినదేనని ముందురోజు ఊడదీయించినది నేనే. వసారాకూ అవే పలకలు, అదే వార్నిష్. "ఆపండి" అనబోతే "ఆ" వరకే వచ్చినది. నా జీవితంలో క్రియ లేక ముగిసిన వాక్యం అదొక్కటే. నేను పక్కనుండి దూసుకుపోతుండగా శంకర్ "నేను జెప్పలే?" అనడం మాత్రం స్పష్టంగా వినబడినది.

బస్తా ఒకటి చిట్లి, పల్లికాయలు నామీద కురిశాయి. అందరూ లేవనెత్తడానికి పరుగెత్తి వచ్చారు.

"నన్ను తర్వాత చూడవచ్చు. ముందు చీర చూడండి" అన్నాను.

చూశారు. అంచున మూరెడు పోగు లేచి ఉన్నది. హారిక కళ్ళు చెమర్చాయి. శంకర్ వంగి తన వార్నిష్‌ను తడిమి చూసుకున్నాడు. హారిక మాత్రం ఆ పోగును వేలితో పట్టుకొని, అది పోయినంత దూరమూ పోయినది. దాని రెండవ కొన గోనెసంచి కుట్టులో చిక్కుకొని ఉన్నది.

"పోగు లేపింది బస్తా నానమ్మా, నేల గాదు. ఇగ నువ్వే చెప్పు" అన్నది.

పల్లికాయల మీద కూర్చుండియే తీర్పు చెప్పాను. నేల నెగ్గినది. నెగ్గని బస్తాలు కిందికి దిగవలెను.

మేడగదిని హారికకు అప్పగించాను. చిట్లిన బస్తాలోని పల్లికాయలను శంకర్‌కు ఇచ్చాను. పట్టుచీరను సుజాత చేతిలో పెట్టి, తరతరాల ఈ పరీక్షను కూడా ఆమెకే అప్పగించబోయాను.

"చీర చాలు అత్తమ్మా" అన్నది.