గీరేసిన గులాబీ

నాకు సరిగ్గా వచ్చిన మొదటి క్రీము గులాబీని ఎదురు ఫ్లాట్ మేడమ్ చాకుతో గీరి మళ్ళీ గిన్నెలో వేసేసింది. ఏడేళ్ళయింది. నేను మర్చిపోలేదు. రేకులు ఒకదాన్నొకటి ఒరుసుకుని, అంచులు బయటికి వాలి, చూసినవాడెవడైనా గులాబీ అనేవాడే. పొగడమని నేను అడగలేదు. వచ్చిందా, రాలేదా, ఒక్క మాట చెప్పమన్నాను. "ఫిర్ సే, అంకుల్‌జీ" అంది. మళ్ళీ చేయమని! అంతే.

మొన్న ఆదివారం మనవరాలి పుట్టినరోజు కేకు మీద గులాబీలు పెడుతుంటే, ఆ పిల్ల గిన్నె అంచు వేలితో నాకుతూ "తాతా, యే కిస్‌నే సిఖాయా?" అని అడిగింది. తెలుగు అంతా అర్థమవుతుంది గాని దాని నోరు హిందీది. ఎవరు నేర్పారని చెప్పను? నేర్పిందీ ఆవిడే, వచ్చిందని ఒప్పుకోనిదీ ఆవిడే. చల్లారిందనుకున్న కోపం మళ్ళీ రాజుకుంది.

అసలు నాకు జన్మలో ఎవరూ ఏదీ నేర్పలేదు. అయిదో తరగతితో బడి మానేసి, కంటోన్మెంటు స్టోర్సులో పెట్టెలు మోసే పనికి ఢిల్లీ వచ్చినవాణ్ణి. ఇంగ్లీషు ఆ పెట్టెల మీది అక్షరాల్లోంచి నేర్చుకున్నాను, హిందీ వేరుశనగలు పొట్లం కట్టిచ్చిన కాగితాల్లోంచి. రిటైరై ఈ మయూర్ విహార్ ఫ్లాటుకి చేరాక గడియారాల రిపేరు, హార్మోనియం, ఉర్దూ అక్షరాలు. ఏదైనా సరే, వచ్చేదాకా నాకు అన్నం సయించదు. వచ్చిన మర్నాడు అది అటకెక్కుతుంది. ఒకటి అటకెక్కి ఇంకొకటి దొరికేలోపల రోజులే గడవవు. మా ఆవిడ ఉన్న రోజుల్లో ఆ బాధంతా ఆవిడే పడేది. నీళ్ళ మోటారు ఎన్నింటికి వేశారో గోడ క్యాలెండర్ మీద రాసేవాణ్ణి. లిఫ్టు చప్పుడైతే తలుపు తీసి చూసేవాణ్ణి. వంటింట్లోకెళ్ళి పప్పు డబ్బాల్ని ఎత్తు ప్రకారం పేర్చేవాణ్ణి, ఆవిడ వాటిని మళ్ళీ తన వరసలో పెట్టుకునేది. "ఏమండీ, కాసేపు ఎక్కడైనా కూర్చోకూడదూ" అనేది. కూర్చుని, అక్కణ్ణుంచి "పోపు మాడుతోంది" అని కేకేసేవాణ్ణి. మాడేది కాదు.

ఎదురింటి పంజాబీ మేడమ్ ఇంట్లోనే కేకుల క్లాసు పెట్టిందన్న కబురు తెచ్చిందీ మా ఆవిడే. ఆడవాళ్ళ మధ్య నాకేం పని అంటే, "మీకు రానిదేదైనా ఉందేమో చూద్దామని" అంది. నన్ను లేపడానికి ఆ మాట చాలు. మర్నాడు పదకొండింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి కూర్చున్నాను. నలుగురు ఆడవాళ్ళు, నేను, ఒంటిగంటదాకా.

పని చూడ్డానికి పిల్లలాట. వెన్న, పంచదార పొడి కలిపి గిలకొట్టిన క్రీమును సంచిలో నింపుతారు. దాని కొసకి ఒక పక్క వెడల్పుగా, ఒక పక్క సన్నగా ఉండే రేకు గొట్టం. ఎడమచేతిలో బల్లపరుపు తల ఉన్న పెద్ద మేకు. ఆ తల మీద ముందు మొగ్గ నిలబెట్టి, చుట్టూ మూడు రేకులు, వాటి చుట్టూ అయిదు. కుదరని గులాబీని చాకుతో గీరి గిన్నెలో వేసేయడం అక్కడి పద్ధతి. అదే క్రీముతో మళ్ళీ చేయాలి. కుదిరినదాన్ని మాత్రం మేడమ్ తెల్ల పళ్ళెంలో పెట్టి ఫ్రిజ్‌లో దాచేది. బడి సర్టిఫికెట్టు కూడా లేనివాణ్ణి, నా కళ్ళన్నీ ఆ పళ్ళెం మీదే. రెండు వారాల్లో నలుగురు ఆడవాళ్ళ గులాబీలూ అందులోకెక్కాయి. నావి మాత్రం చుట్టలు చుట్టలుగా వస్తున్నాయి. ఎందుకో చెబితే నవ్వుతారు. ఏటా దీపావళికి మా ఇంట్లో జంతికల గొట్టం నొక్కేది నేను. గొట్టం పట్టిన చేయి మూకుడు మీద గుండ్రంగా తిరగాలి. గులాబీకి చేయి కదలకూడదు, మేకు తిరగాలి. నలభై ఏళ్ళ జంతికల చేయి వింటుందా? మేడమ్ నా ముంజేతిని బల్లకేసి నొక్కిపెట్టి "హాత్ నహీ అంకుల్‌జీ, కీల్ ఘుమాయియే!" అని అరిచేది. వదలగానే చేయి తిరిగేది. "వాహ్, అంకుల్ కీ జలేబీ తయ్యార్!" అని పక్కావిడ. అందరూ ఒకటే నవ్వు.

ఇంటికి రాగానే మా ఆవిడ "వచ్చిందా?" అని అడిగేది. రాలేదనేవాణ్ణి. "రేపొస్తుందిలెండి" అనేది. ఆ మాటన్నప్పుడు ఆవిడ మొహం తలంటు పోసుకున్నంత తేటగా ఉండేది. నా మీద నమ్మకం కాబోలు అనుకునేవాణ్ణి.

పద్దెనిమిదో రోజున చేయి ఆగింది, మేకు తిరిగింది. జలేబీ అన్నావిడే "అరే!" అంది. మేడమ్ వచ్చింది, మేకును వెలుతురులోకి ఎత్తి తిప్పి తిప్పి చూసింది, చాకు తీసుకుంది. ఆ పౌరుషంతో నేను మర్నాడూ వెళ్ళాను, ఆ పై ఏడాదీ వెళ్ళాను, ఆవిడ ఇల్లు మారి నోయిడా వెళ్ళిపోయేదాకా. పాత విద్యార్థులు పోయారు, కొత్తవాళ్ళు వచ్చారు; తెల్ల పళ్ళెంలోకి నా గులాబీ ఒక్కటీ ఎక్కలేదు. తరవాత ప్రతి దీపావళికీ ఫోన్లో శుభాకాంక్షలతో పాటు అదే ప్రశ్న పంపేవాణ్ణి. జవాబుగా రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చేది.

ఆ ఆదివారమే కేకు ఫొటో పంపి ఇలా రాశాను: "మేడమ్‌జీ, మా ఆవిడ పోయి రెండేళ్ళయింది. మీకు చెప్పలేదు. ఇప్పుడు ఇంటికొస్తే వచ్చిందా అని అడిగేవాళ్ళు లేరు. మీరైనా చెప్పండి. ఆ రోజు గులాబీ వచ్చిందా, రాలేదా?"

నాలుగు రోజులు ఏమీ లేదు. నిన్న మధ్యాహ్నం, నేను పప్పు డబ్బాలను మా ఆవిడ వరసలో సర్దుతుండగా, ఫోను మోగింది. మేడమ్ జవాబు. హిందీలో రాసినదాన్ని తెలుగులో పెడుతున్నాను.

"అంకుల్‌జీ, మీరు చేరకముందే ఆంటీజీ నా దగ్గరికొచ్చి చెప్పారు: 'వచ్చేసిందన్నావంటే ఈయన రేపటి నుంచి రారు. నాకా రెండు గంటలూ కావాలి బేటీ. తలుపేసుకుని కాసేపు పాటలు వింటాను.' ఎప్పుడు చెప్పమంటారు మరి అని అడిగితే, 'తొందరేముంది, నేను పోయాక చెబుదువుగాని' అని నవ్వారు. మాటిచ్చాను. ఇవాళ చెబుతున్నాను. ఆ రోజే వచ్చింది."