దేవమణి ఇంటి ఫోను

దేవమణి గురించి చెప్పమంటే ఇన్నేళ్లయినా నాకు కాస్త సిగ్గేస్తుంది. చెప్పాల్సింది మంచే. కానీ ఆ మనిషిని చూసి నేను రెండేళ్లు కుళ్లుకుని చచ్చాను. కడుపుమంట అంటే ఏమిటో నాకెవరూ నేర్పక్కర్లేదు.

అరవై నాలుగులో మా ఆయన నూకరాజుకి అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా ఒరిస్సాలో రూప్సా నుంచి అడవిలోకి పోయే చిన్న రైలు దారిలో పోస్టింగు వేశారు. రోజుకి ఒక బండి వెళ్తుంది, ఒక బండి వస్తుంది. స్టేషను ముందరా వెనకా సాల చెట్లే. అక్కడ పిల్లలకి బడి లేదు, అందులోనూ తెలుగు బడి అసలే లేదు. అందుకని పిల్లలిద్దరితో నేను ఖరగ్‌పూర్‌లోనే, మథురాకాటి రైల్వే క్వార్టర్లో ఉండిపోయాను. ఆయనకి సెలవు దొరికేది రెండు మూడు నెలలకోసారి. మిగతా రోజులకి మాకున్న ఆధారం ఫోను. ఆ ఫోను మా ఇంట్లో లేదు, దేవమణి ఇంట్లో ఉంది.

దేవమణి మొగుడు తిమోతి బ్రేక్‌డౌన్ రైల్లో క్రేన్ మేస్త్రి. ఎక్కడ బండి పట్టాలు తప్పినా, ఎక్కడ గట్టు తెగినా ఆ రైలు పరుగెత్తాలి. ఏ వేళప్పుడైనా మనిషిని పిలవాలి కాబట్టి రైల్వే వాళ్లు ఆ ఇంట్లో నల్ల ఫోను పెట్టారు. చుట్టుపక్కల నాలుగు వీధులకీ అదొక్కటే.

రోజూ సాయంత్రం నాలుగింటికి కంట్రోలు ఆఫీసు నుంచి స్టేషన్లన్నిటికీ టైం చెబుతారు. అందరూ ఒకేసారి ఫోను ఎత్తి గడియారాలు దిద్దుకుంటారు. ఆదివారాల్లో ఆ పని అయ్యాక కాసేపు సందు దొరికేది. మా ఆయన వాళ్లనీ వీళ్లనీ బతిమాలుకుని ఖరగ్‌పూర్ ఎక్స్‌చేంజికి కలిపించుకునేవాడు. ఎక్స్‌చేంజి వాళ్లు దేవమణి ఇంటికి కలిపేవాళ్లు. ఖర్మ ఏమిటంటే సరిగ్గా ఆ నాలుగింటికే మా కుళాయి వచ్చేది. నేను రెండు వీధుల అవతల బిందెలతో వరసలో నిలబడి ఉండేదాన్ని.

ఫోను మోగగానే దేవమణి ఎత్తేది. ఆవిడ అత్త ఎస్తేరమ్మకి చెవులు వినపడవు. కోడలు చెయ్యి ఊపగానే పెరట్లోకొచ్చి ఇత్తడి పళ్లెం మీద గరిటెతో టంగుటంగుమని కొట్టేది. ఈ గంగాభవానికి మొగుడు ఫోను చేశాడని ఊరందరికీ తెలిసిపోయేది. నేను బిందెలు వరసలో నా వెనకున్న సరోజమ్మకి అప్పజెప్పి పరుగు.

రొప్పుకుంటూ వెళ్లేసరికి ఏం కనపడేది? దేవమణి గోడకి జారగిలబడి, ఫోను వైరు వేలికి చుట్టుకుంటూ, “అదేటన్నయ్యా, అలగంటావు!” అని పకపకా నవ్వుతూ ఉండేది. ఆవిడ చెవి దగ్గర నుంచి మా ఆయన నవ్వు బయటికి వినపడేది. ఇంట్లో ఉప్పు కావాలంటే వేలితో చూపించే మనిషి! ఆ మనిషి అంత నవ్వు ఎక్కడ దాచుకున్నాడా అని నాకు ఒళ్లు మండిపోయేది.

ఫోను నా చేతికిస్తూ ప్రతిసారీ ఒకటే మాట అనేది. “ఊరుకోకొదినా. మాటాడు.”

నా మొగుడితో మాట్లాడ్డం నాకు ఈవిడ నేర్పాలా అనుకునేదాన్ని. ఆ రోషంలో నోరు పెగిలేది కాదు. ఆయన “బాగున్నావా” అనేవాడు, నేను “ఊఁ” అనేదాన్ని. “పిల్లలు?” “ఊఁ.” తర్వాత ఆయనకీ మాట తోచేది కాదు. కాసేపటికి టక్కున తెగిపోయేది. ప్రతి ఆదివారం అంతే. దేవమణితో ఐదు నిమిషాలు, నాతో ఒక్క నిమిషం కూడా కాదు. విసుగొచ్చి పెట్టేశాడని అనుకునేదాన్ని. బయటికి మాత్రం మాట్లాడేసినట్టే మొహం పెట్టి వచ్చేసేదాన్ని.

సెలవుకి వస్తే ఇంకో మంట. “కుళాయి కాడ సరోజమ్మతో తగువాడినావట?” అనేవాడు. “పసుపు సీర కొన్నావట, దేవమణమ్మ సెప్పింది.” ఒకసారి మా చిన్నాడికి మొదటి పాలపన్ను ఊడింది. ఆ సంగతి ఆయనకి నేనే చెప్పాలని మూడు రోజులు దాచుకున్నాను. ఆదివారం వెళ్లి ఫోను అందుకునేసరికి ఆయన, “పన్ను ఊడిందట గదా” అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

దేవమణి ఏమంత అందగత్తె కూడా కాదు. నల్లగా, పొడుగ్గా, ముందు పళ్ల మధ్య సందుతో ఉండేది. కానీ నోట్లో నువ్వుగింజ నానదు. చేపలమ్మే బెంగాలీ ఆవిడతో బెంగాలీ, రిక్షావాడితో హిందీ, ఆదివారం పొద్దున తెలుగు చర్చిలో అందరికంటే పై గొంతుతో పాట. మా ఆయనకి ఈ పోస్టింగు రాకముందు నాకు టైఫాయిడ్ వస్తే పదిహేను రోజులు మా పిల్లలకి వండి పెట్టింది ఆవిడే. అప్పుడు ఆ వాగుడే నాకు ముద్దుగా ఉండేది. పొరుగింటి పుల్లకూర రుచంటారు కదా, అది మగవాళ్ల నాలుకకేననుకునేదాన్ని. మా ఆయన చెవికి కూడా అంతేనని తేల్చుకున్నాను.

అరవై ఆరులో, వానలు మొదలవుతుండగా, కుళాయి దగ్గర పదిమందిలో ఆవిడ్ని కడిగేశాను.

“పరాయోల మొగుళ్లతో నీకా ఇకఇకలేటి? ఫోనొస్తే ఎత్తి పక్కనెట్టు. నన్ను పిలిపించు. అంతే నీ పని.”

దేవమణి మొహం మాడిపోయింది. “అలగ పక్కనెడితే వొదినా...” అని ఏదో చెప్పబోయింది.

“నాకేటీ సెప్పొద్దు” అన్నాను.

“సరే” అంది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. అందరూ నా వైపే చూస్తున్నారు. ఆ పూట నాకు గెలిచినట్టే ఉంది.

తర్వాత మూడు ఆదివారాలూ పళ్లెం మోగింది. మూడుసార్లూ పరుగెత్తాను. బల్ల మీద ఫోను పక్కకి పడుకోబెట్టి ఉంది. దేవమణి వంటింట్లో నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. ఎత్తి “ఏటండీ” అంటే బదులు లేదు. అడుగుదామంటే నాకు మొహం చెల్లలేదు, చెబుదామంటే ఆవిడకి మనసు రాలేదు. చూశావా, ఆవిడ కబుర్లు లేకపోతే నాకోసం రెండు నిమిషాలు కూడా ఆగడన్నమాట అనుకున్నాను.

మూడో ఆదివారం అయ్యాక కార్డు వచ్చింది. మా ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో మూడు ముక్కలు రాశాడు. “ఆదివారాలు నువ్వు ఫోను దగ్గరికి రావడం లేదు. నీకు ఇష్టం లేనట్టుంది. ఇక చెయ్యను.”

దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుందని ఆ కార్డు నలిపేశాను. మళ్లీ చదును చేసి బియ్యం డబ్బాలో దాచాను. నిజం చెప్పాలంటే భయమేసింది. మనిషి అడవిలో, మాట ఇంకొకరి ఇంట్లో. ఆ మాట కూడా పోతే ఇక నాకు మొగుడున్నాడని ఎలా అనుకోవడం?

నాలుగో ఆదివారానికి ఒక ఎత్తు వేశాను. ఆయన నాకు చెయ్యనని రాశాడు. అయినా ఆ ఫోను మోగిందంటే అది దేవమణి కోసమే. నేనే ఎత్తుతాను. నోరు మెదపను. ఆవిడ్ని ఎలా పిలుస్తాడో నా చెవులతో వింటాను.

ఆ వారం తిమోతి ఊళ్లో లేడు. ఒరిస్సా వైపు వరదకి వంతెన గట్టు తెగి ఇంజను ఒరిగిపోతే సోమవారం వెళ్లిన మనిషి, ఆరు రోజులుగా కబురు లేదు. అతను వెళ్లే ముందురోజు నుంచే ఎస్తేరమ్మకి జ్వరం. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినా వాళ్ల గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు, ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. ఆదివారాలు నీళ్లు మోసే తిమోతి లేడు కాబట్టి దేవమణే కుళాయికి వెళ్తుంది, ఇల్లు ఖాళీగా ఉంటుంది, నాకు కావలసింది అదే అనుకున్నాను.

నాలుగు దాటింది. దేవమణి బిందె తీసుకుని వీధి మలుపు తిరగగానే నేను లోపలికి వెళ్లాను. ఎస్తేరమ్మ మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుంది. ఫోను మోగింది. ఎత్తాను. నా చెయ్యి చెవి దగ్గరికి వెళ్లడం చూసి ఆ ముసలామె జ్వరంతోనే లేచి, గోడ పట్టుకుని, పళ్లెం తీసుకుని పెరట్లోకి నడిచింది.

ఫోనులో నూనెలో ఏదో వేగుతున్నట్టు ఒకటే చిటపటలు. వాటి మధ్య సన్నగా మగ గొంతు.

“దేవమణీ! నానే. వినపడతందా?”

పళ్లు బిగబట్టాను.

“దేవమణీ, అమ్మకి జొరం తగ్గినాదా? ఒక్క మాట మాటాడే.”

ఒసే, ఏమే అనేదాకా వచ్చిందన్నమాట! ఎస్తేరమ్మని అమ్మా అని పిలిచేదాకా వచ్చిందన్నమాట! రక్తం తలకెక్కింది. పెదవి కదపలేదు. ఇంతలో ఇంకో గొంతు అడ్డొచ్చింది, ఎక్స్‌చేంజి బెంగాలీ బాబుది. “బోల్ రహే హై?” మాట్లాడుతున్నారా అని. నేను ఊరుకున్నాను. “బోల్ రహే హై?” అని మళ్లీ అడిగాడు. ఊరుకున్నాను.

టక్.

రెండేళ్లుగా నాకు అలవాటైన టక్కే అది.

పళ్లెం చప్పుడు విని తడి కాళ్లతో పరుగెత్తుకుంటూ దేవమణి వచ్చింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. “నా మొగుడు నిన్ను పేరెట్టి పిలుస్తన్నాడు! ఏమే అంటన్నాడు! అమ్మకి జొరం తగ్గినాదా అని కుశలాలు అడుగుతన్నాడు!”

దేవమణి నా మొహం చూడలేదు, ఫోనునే చూస్తోంది. “జొరం సంగతి అడిగినాడా?” అంది నెమ్మదిగా. “అన్నయ్యతో నాను మాటాడి నెల్లాళ్లవుతంది వొదినా. అత్తకి జొరమొచ్చి వారం. అన్నయ్యకెలగ తెలుస్తాది?”

అప్పుడు తట్టింది నాకు. నేను విన్నది తిమోతి గొంతు.

“బతికున్నాడు” అని దేవమణి నేల మీద కూలబడింది. వెంటనే తలెత్తింది. “గొంతెలాగుంది? నువ్వేటన్నావు?”

“ఏటీ అన్లేదు.”

“ఊరుకున్నావా?”

తలూపాను.

“ఊరుకుంటే తీసేస్తారొదినా! మాట వినపడకపోతే అయిపోయిందనుకుని ఆపరేటరు వైరు పీకీసి ఇంకోలకిచ్చేస్తాడు. అందుకే గదా నా ఇకఇకలన్నీ? నువ్వు రెండీదులు పరిగెత్తుకొచ్చేదాకా అన్నయ్య తెగిపోకుండా చూడాల గదా? ఏటి మాటాడాలో తెలక నీ తగువులూ, నీ సీరలూ, నీ పిల్లల పళ్లూ సెప్పేదాన్ని. నీ సంగతైతేనే నవ్వేవోడు. ఊరుకోకు, ఊరుకోకు అని నీకు ఎన్నిసార్లు సెప్పినాను?”

“నాకు తెల్దు” అన్నాను. ఆ మాట నాకే వినపడలేదు.

“రైలోల ఇంటిదానివి, తెలుసుననుకున్నాను.”

అప్పుడు ఆ టక్కులన్నీ ఒక్కసారి నా చెవిలో మోగాయి. ఆయన పెట్టెయ్యలేదు. నా మౌనమే పీకేసింది. అటువైపు ఆయన కూడా నేనే పెట్టేశాననుకుని ఉంటాడు. రెండేళ్లు ఇద్దరం అలా అనుకుంటూనే ఉన్నాం.

దేవమణి ఎక్స్‌చేంజిని అడిగింది. తెగిన వంతెన దగ్గర తీగలకి తగిలించి మాట్లాడే ఫోనట అది, ఇటు నుంచి అందదట. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేదని ఏడుస్తూ అన్నాను, అయినా తిట్టలేదు. రెండు రోజులు ఆవిడకి నీళ్లు నేనే మోశాను.  తిమోతికి ఏమైనా అయితే ఆఖరి మాట మింగేసినదాన్ని నేనే.

మంగళవారం పొద్దున్న ఫోను మోగింది. ఆసారి పళ్లెం అవసరం లేకపోయింది, నేను పెరట్లోనే ఉన్నాను. తిమోతే. దేవమణి ఏడుస్తూ, తిడుతూ, ముక్కు చీదుతూ, ఒక్క క్షణం సందివ్వకుండా మొగుణ్ణి దులిపేసింది. గోడ అవతల నిలబడి వింటున్నాను. దేవుడు నన్ను క్షమించాలి, అప్పుడు కూడా అసూయే పడ్డాను. మొగుణ్ణి అంతసేపు ఆగకుండా తిట్టగలగడం ఎంత అదృష్టమో అనిపించింది.

తిమోతితో అయ్యాక ఆవిడ ఫోను కింద పెట్టలేదు. ఎక్స్‌చేంజి బాబుతో, “దాదా, ఎక్టా లైన్ దిన్” అని ఒక లైను ఇమ్మని అడిగి, మా ఆయన స్టేషను పేరు చెప్పింది. బాబు గొణిగాడు, ఈవిడ బతిమాలింది. అరగంటకి కలిసింది. నన్ను లోపలికి పిలిచి ఫోను నా చేతికిచ్చింది.

“ఊరుకోకు” అంది.

“ఏటండీ, నానే” అన్నాను. “పెట్టీకండి. నాను ఎప్పుడూ పెట్టీలేదు. ఊరుకున్నానని ఆ బాబు పీకీసినాడు. చిన్నోడికి రెండో పన్ను కూడా ఊడింది. వంటింటి కప్పు కారతంది. సరోజమ్మ నా బిందె సొట్టెట్టింది, నాను ఊరుకోలేదు. మీరు రాసిన కార్డు బియ్యం డబ్బాలో ఎట్టినాను, పురుగట్టిపోవాల ఆ కార్డు...” ఊపిరి తీసుకోవడానికి కూడా భయం. మధ్యలో బాబు, “బోల్ రహే హై?” అన్నాడు. “బోల్ రహా హై బాబూ, బోల్ రహా హై! అభీ బహుత్ హై!” ఇంకా చాలా ఉందని నాకొచ్చిన హిందీలో అరిచాను.

అటు నుంచి మా ఆయన, “ఇన్నాళ్లూ నువ్వే పెట్టీస్తన్నావనుకున్నాను భవానీ” అన్నాడు. ఆ గొంతులో తడి ఉంది. నేను ఏడుస్తూనే మాట్లాడాను.

చివర్లో ఆయన, “దేవమణమ్మ ఉన్నాదా? ఓపాలి ఇయ్యి, తిమోతి సంగతి అడగాల” అన్నాడు.

దేవమణి నాకు మూరెడు దూరంలో నిలబడి ఉంది. ఆ పాత మంట మళ్లీ సర్రున లేచింది.

“నేదు. కుళాయికెల్లింది” అన్నాను.

దేవమణి కళ్లు పెద్దవి చేసి నన్ను చూసింది. తర్వాత బల్ల మీది పళ్లెం తీసి, సరిగ్గా ఫోను ముందు పెట్టి, గరిటెతో టంగుటంగుమని వాయించింది. మా ఆయన పెద్దగా నవ్వాడు. రెండేళ్లుగా ఇంకొకరి చెవి నుంచి కారగా విన్న నవ్వు అది. మొదటిసారి నా చెవిలోనే పడింది.

దేవమణి చెయ్యి చాపింది. ఫోను ఇచ్చాను. ఇచ్చి, ఆవిడ చెంపకి నా చెంప ఆనించి, నా చెవి కూడా అక్కడే పెట్టి నిలబడ్డాను.