నీలంగా వచ్చిన స్లైడ్లు

మొన్న సోమవారం నేనొక తప్పు చేశాను. అరవై దాటినవాణ్ణి, జీవితమంతా రక్తం స్లైడ్లు చూసి బతికినవాణ్ణి, మా దగ్గర శిక్షణలో ఉన్న ఒక ఇరవై ఏళ్ళ అమ్మాయి రికార్డు పుస్తకంలో "చేతిపని సామాన్యం, ఇంకా చాలా సాధన కావాలి" అని రాసి సంతకం పెట్టాను. అది అబద్ధం. రాస్తున్నప్పుడే అబద్ధమని నాకు తెలుసు. తొందరలో రాయలేదు, పరాకున రాయలేదు. కళ్ళజోడు తుడుచుకుని, కుదురుగా కూర్చుని మరీ రాశాను.

గుంటూరులో నేను పనిచేసే డయాగ్నస్టిక్ సెంటరుకు ఏటా ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే పిల్లలు ఆరు నెలల శిక్షణకు వస్తారు. ఈసారి ఇద్దరమ్మాయిలు వచ్చారు. చివర్లో ఒకరిని ఉద్యోగంలోకి తీసుకుంటామని మా డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. ఎవరిని తీసుకోవాలో తేల్చేది నేను ఆ పుస్తకాల్లో రాసే మాటలే. నేను చెబుతున్న అమ్మాయిది చిలకలూరిపేట అవతల పల్లె. తండ్రి కౌలుకు తీసుకున్న చేలో పత్తి, మిరప వేస్తాడు. సెలవులొస్తే తనూ చేలోకి దిగేదట. ఈ ఉద్యోగం రాకపోతే మళ్ళీ ఆ చేలోకే వెళ్ళాలని నవ్వుతూనే చెప్పింది గానీ, అది నవ్వుకోవడానికి చెప్పిన మాట కాదని నాకు తెలుసు.

రక్తం చుక్కను గాజుపలక మీద పెట్టి, ఇంకో పలక అంచుతో ఒక్క ఊపున ముందుకు నెడితే నాలుక ఆకారంలో పలచని పూత వస్తుంది. దాన్ని మేం స్మియర్ అంటాం. నెట్టడంలో చెయ్యి తడబడితే పూత చారలు చారలుగా విరిగిపోతుంది. ఈ మధ్య నా చెయ్యి కాస్త వణుకుతోంది. ఆ పిల్ల అది కనిపెట్టి, ఒకరోజు నా చేతిలోని పలక మెల్లగా తీసుకుని, "మీరు కూర్చోండి సార్, నే తీస్తా. పత్తి తీసినట్టేగా! గట్టిగా లాగితే డొప్ప గుచ్చుకుంటది, భయపడతా లాగితే దూది తెగుద్ది. ఒకటే ఊపు" అంది. మంచికే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

సోమవారం డాక్టరమ్మ మైక్రోస్కోపులోంచి తలెత్తి, "ఈ స్మియర్ ఇంత బాగా ఎవరు తీశారండీ? మీరేనా?" అని అడిగింది. కాదన్నాను. "అదే అనుకున్నా" అంది ఆవిడ. ఆవిడ మనసులో ఏమీ లేదు. కానీ ఆ రెండు ముక్కలూ మధ్యాహ్నం దాకా నా చెవుల్లో తిరుగుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం పుస్తకం నా ముందుకు వచ్చింది.

ఆ మంట నాకు కొత్తది కాదు. దానితో నాకు మొదటి పరిచయం ఇరవై రెండో ఏట, చీరాలలో అయింది.

నా ఈడువాళ్ళకు ఆనాటి లాబొరేటరీలు గుర్తుండే ఉంటాయి. గాజు సిరంజీలు స్టీలు డబ్బాలో మరిగించేవాళ్ళం. సూది మొద్దుబారితే రాతి మీద నూరేవాళ్ళం. టెస్టుట్యూబులో మూత్రం, నీలంమందు కలిపి స్పిరిట్ దీపం మీద కాచి, నీలం పోయి ఇటుక రంగు వస్తే షుగరు ఎక్కువుందని గాభరా పడేవాళ్ళం. మైక్రోస్కోపుకు కరెంటు దీపం కూడా ఉండేది కాదు, కింద చిన్న అద్దం ఉండేది, దాన్ని కిటికీ వైపు తిప్పి ఎండ పట్టేవాళ్ళం. ముసురు పట్టిన రోజుల్లో ముగ్గురం కిటికీ దగ్గర నిలబడి మబ్బు ఎప్పుడు తొలగుతుందా అని ఎదురుచూడటం ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు.

ఆ ముగ్గురిలో ఒకరు మా సీనియర్ టెక్నీషియన్ సాయిబుగారు. మిగతా ఇద్దరం శిక్షణకు వచ్చినవాళ్ళం, నేనూ, పక్క పల్లె పాస్టరుగారి అబ్బాయీ. ఆరు నెలలయ్యాక ఇద్దరిలో ఒకరిని జీతానికి పెట్టుకుంటానని లాబొరేటరీ డాక్టరుగారు చెప్పారు. అప్పట్లో చీరాలలో మగ్గం కాకుండా ఇంకో పని దొరకడం ఎంత కష్టమో ఆ ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు. మా నాన్న నేతపనివాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చోకుండా బతకాలన్నది నా ఒకే ఒక్క పంతం.

పాస్టరుగారి అబ్బాయి సన్నగా, నెమ్మదిగా ఉండేవాడు. అతను సూది గుచ్చితే పిల్లలు కూడా ఏడ్చేవాళ్ళు కాదు. నేత పేటల నుంచి వచ్చే ముసలమ్మలు నేను సిరంజీ పట్టుకోగానే చెయ్యి వెనక్కి లాక్కుని, "నువ్వొద్దులే నాయనా, ఆ సన్నటబ్బాయిని పిలువు, ఆయన చెయ్యి చల్లన" అనేవాళ్ళు. నేను నవ్వి పక్కకు తప్పుకునేవాణ్ణి. ఆ నవ్వు కోసం ఎంత బలం కావలసి వచ్చేదో ఎవరికీ తెలియదు.

స్లైడ్ల దగ్గర ఇంకా అన్యాయం. పూత ఆరాక దాని మీద రంగుమందు పోసి, పైన నీళ్ళు కలపాలి. చీరాల నీళ్ళేమో వట్టి ఉప్పన. ఆ నీళ్ళు కలిపితే స్లైడు మొత్తం నీలంగా తేలేది, అందులో కణాలు వెతకడమంటే సిరా మరకలో అక్షరాలు వెతకడమే. సాయిబుగారు నా స్లైడు కిటికీకి ఎత్తి పట్టి, "ఏందిరా ఇది, పరీక్షకి తీశావా, గోడకి నీలిమందు కొట్టావా?" అనేవారు. పాస్టరుగారి అబ్బాయి స్లైడ్లు మాత్రం లేత గులాబీ రంగులో, ఊదా రంగు కణాలతో ముగ్గు వేసినట్టు వచ్చేవి. రహస్యమేమీ లేదు. బ్యాటరీలు బాగుచేసే అంగడికి వెళ్ళి, అక్కడ బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్ళు ఒక సీసాలో పట్టుకొచ్చి వాడేవాడు. రోజూ పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, తన వేలే గుచ్చుకుని, తన రక్తంతోనే ఒక స్లైడు చేసి, రంగు బాగా పడిందని చూసుకున్నాకే రోగుల స్లైడ్లు ముట్టుకునేవాడు. ఆరు నెలల్లో అతని ఎడమచేతి వేళ్ళు జల్లెడైపోయాయి.

"నువ్వూ ఈ నీళ్ళే వాడుకోరా, ఇద్దరికీ సరిపోతాయి" అని సీసా నా వైపు జరిపేవాడు. నేను ఒక్కసారీ ముట్టుకోలేదు. అతను దాచుకుని ఉంటే నాకు కొంత హాయిగా ఉండేదేమో. అసూయ పడటానికి ఒక న్యాయమైన కారణమైనా దొరికేది.

శిక్షణ ఇంక వారం రోజుల్లో ముగుస్తుందనగా ఒక శుక్రవారం, సాయిబుగారు నమాజుకు, డాక్టరుగారు భోజనానికి వెళ్ళారు. పాస్టరుగారి అబ్బాయి పెరట్లో క్యారియర్ విప్పుకుని కూర్చున్నాడు. నేను గదిలో ఒంటరిగా ఉన్నాను. సీసా బల్ల మీద ఉంది. అందులో నీళ్ళు తొట్టిలో ఒంపేసి, కుళాయి నీళ్ళు అదే మట్టానికి పట్టి, ఎక్కడిది అక్కడే పెట్టాను. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. నా చెయ్యి కూడా వణకలేదు, అది ఇప్పటికీ నన్ను భయపెడుతుంది.

ఆ మధ్యాహ్నం అతను రంగు వేసిన ఏడు స్లైడ్లూ నీలంగా వచ్చాయి. వాటిలో ఒకటి చలిజ్వరంతో వచ్చిన ఏడాది పిల్లవాడిది. మలేరియా ఉందో లేదో తేల్చాలి. డాక్టరుగారు ఒక్కొక్క స్లైడూ పెట్టి తీసి, చివరికి బల్ల మీద విసిరి కొట్టారు. "ఇన్నాళ్ళూ నిన్ను చూసి మురిసిపోయానయ్యా, చూసుకోకుండా ఏడు స్లైడ్లు తగలేశావు. పోయి వాళ్ళందరినీ మళ్ళీ తీసుకురా" అన్నారు.

అతను సైకిలెక్కి పేటలన్నీ తిరిగి ఒక్కొక్కరినీ తీసుకొచ్చాడు. పిల్లవాడి తల్లి మాత్రం మగ్గం దిగి వచ్చేసరికి చీకటి పడింది, పరీక్ష మర్నాటికి వాయిదా పడింది. "నీ చెయ్యి మంచిదని గదయ్యా నీ దగ్గరికే వచ్చింది! పసోణ్ణి ఎన్నిసార్లు పొడుస్తారు?" అని ఆమె అతన్నే తిట్టింది. మర్నాడు పిల్లవాడికి మలేరియా అని తేలింది, మందు పడింది, బతికాడు. నా మూలంగా ఒక రోజంతా అదనంగా ఆ జ్వరంలో వేగాడు.

నేను చెప్పదలచుకున్నది అసలు ఆ తర్వాతి ముచ్చట. అందరూ వెళ్ళాక పాస్టరుగారి అబ్బాయి సీసా మూత తీసి, వేలిమీద ఒక చుక్క వేసుకుని నాలుకకు తగిలించుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. "ఉప్పగా ఉందిరా" అన్నాడు. అంతే. పొద్దున తన రక్తంతో చేసుకున్న స్లైడు ఇంకా ట్రేలోనే ఉంది, గులాబీ రంగులో, చక్కగా. దాన్ని డాక్టరుగారికి చూపిస్తే పొద్దున నీళ్ళు బాగున్నాయనీ, మధ్యాహ్నం ఎవరో మార్చారనీ ఇట్టే తేలిపోయేది. గదిలో ఉన్నది నేనొక్కణ్ణే. అతను ఆ స్లైడు తీసి కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, "నాదే పొరపాటు సార్, వాడే ముందు సీసా చూసుకోవాల్సింది" అన్నాడు.

ఉద్యోగం నాకొచ్చింది. మా నాన్న మగ్గం ఆపి వీధి వీధంతా చెప్పుకున్నాడు. సాయిబుగారు మాత్రం అభినందించలేదు. ఆయనకు ఏం తెలుసో, ఎంత తెలుసో నేనెప్పుడూ అడగలేదు.

ఆ తర్వాత పాస్టరుగారి అబ్బాయిని ఒక్కసారే చూశాను, పదిహేనేళ్ళ క్రితం, గుంటూరు నుంచి చీరాల వెళ్ళే రైల్లో. ఆ పని వదిలేశాడని అప్పటికే ఎవరో చెప్పగా విన్నాను. భార్యతో, ఇద్దరు ఆడపిల్లలతో కూర్చుని జామకాయలు పంచుతూ పడీపడీ నవ్వుతున్నాడు. పలకరించాల్సింది పోయి, నేను మొహానికి పేపరు అడ్డం పెట్టుకుని, చీరాల దాకా వెళ్ళాల్సినవాణ్ణి బాపట్లలో దిగిపోయాను. సిగ్గుతో దిగాననే చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. సిగ్గు కాదు. అతని దగ్గరున్నదంతా లాక్కున్న నేను అలా నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు, అతను మాత్రం నవ్వుతున్నాడు. దానికి కూడా ఓర్వలేకపోయాను.

సోమవారం సాయంత్రం ఇంటికి వెళ్ళి అన్నం కెలుకుతూ కూర్చుంటే మా ఆవిడ, "ఏందా మొహం? ఎవరి నోట్లో మట్టి కొట్టొచ్చారు?" అంది. ఆమె ఎప్పుడూ అలాగే మాట్లాడుతుంది. ఈసారి మాత్రం నేను కంచం పక్కకు నెట్టి లేచాను.

మంగళవారం డాక్టరమ్మ రాకముందే ఆవిడ గది ముందు నిలబడ్డాను. పుస్తకంలో రాసింది అబద్ధమనీ, ఓర్వలేక రాశాననీ చెప్పాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, "నిన్న సాయంత్రమే రెండో అమ్మాయికి చెప్పేశానండీ, వాళ్ళింట్లో స్వీట్లు కూడా పంచి ఉంటారు. ఇప్పుడు మాట మార్చమంటారా?" అంది. ఆ అమ్మాయి చేసిన తప్పేమీ లేదు, ఆమె దగ్గర లాక్కోమని చెప్పలేను. రిటైరయ్యాక నా ఉద్యోగం రెండుసార్లు పొడిగించారు. వచ్చే నెలాఖరుకు ఆ గడువు తీరుతుంది. మూడోసారి పొడిగించవద్దనీ, నా బల్ల ఆ పిల్లకు ఇవ్వమనీ అడిగాను. డాక్టరమ్మ, "ఇంత మంచి చెయ్యి ఉంటే సామాన్యమని ఎలా రాయబుద్ధేసిందండీ మీకు?" అంది. ఒప్పుకున్నట్టే. నా మీద ఆవిడకున్న గౌరవం మాత్రం ఆ ప్రశ్నతోనే పోయింది, అది నాకు కనిపించింది.

ఇప్పుడు కణాలు లెక్కపెట్టడానికి మిషన్లున్నాయి. రంగులో కలిపే నీళ్ళకు పొట్లాలొస్తున్నాయి, అందులో ఎవరూ ఏదీ మార్చలేరు. మిషనుకు అనుమానం వచ్చిన స్లైడ్లే మనిషి కంటి దాకా వస్తాయి. కిటికీ దగ్గర ఎండ కోసం నిలబడేవాళ్ళు లేరు, తన వేలు తాను గుచ్చుకునేవాళ్ళు అంతకంటే లేరు. అన్నీ మారినా, నాలో ఆ ఒక్క మంట మాత్రం ఇరవై రెండేళ్ళప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. పాస్టరుగారి అబ్బాయిని వెతికి పట్టుకుని చెప్పాల్సిన మాట ఇంకా మిగిలే ఉంది.

ఆ పిల్లను రంగులు వేసే గదిలోకి పిలిచి, పుస్తకం తెరిచి, పాత వాక్యం కొట్టేసి, "ఈమె చెయ్యి నా చేతికంటే మంచిది" అని రాసి, కింద సంతకం పెట్టి చూపించాను. ముందు ఎందుకలా రాశానో, నా బల్ల ఇక తనదేననీ కూడా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కొట్టేసిన వాక్యాన్ని రెండుసార్లు చదివింది.

"మీరు మంచోరని ఇంటికి ఫోన్ చేసి చెప్పా సార్. మా నాయన మీకని నాలుగు కేజీల మిరపకాయలు ఏరి పక్కన పెట్టాడు. ఇప్పుడేం చెప్పను?"

"ఉన్నది చెప్పమ్మా."

"ఉన్నది చెబితే కాయలు రావు సార్" అని, నా కుర్చీ ఎత్తు తనకు సరిపడా దించుకుని కూర్చుంది.

ఆ రోజు సాయంత్రం దాకా ఆమె స్లైడ్లు చూస్తూ పోయింది. నేను పక్కన నిలబడి ఒక్కొక్క రిపోర్టులోనూ, పరీక్షించినవారు అన్నచోట, ఆమె పేరు రాశాను.