హెప్సిబా, రెండు ఊళ్ల రౌటరు

విజయవాడలోని రౌటరునూ చల్లపల్లిలోని రౌటరునూ కలిపి ఒకే యంత్రంలా నడిపించడం మా తమ్ముడి కూతురు హెప్సిబా సాధించిన మొదటి ఘనకార్యం. దానికోసం మూడు వేసవులు కష్టపడింది. రౌటరంటే ఇంటర్నెట్‌ను ఊళ్లకు పంచే పెట్టె. అవి రెండూ ఒకటయ్యాక, ఒకటి ఆగినా రెండోది పని అందుకుంటుంది. దివిసీమలో ఎవరి ఫోనులోనూ బొమ్మ ఆగదు.

మా ఊరి బళ్లో పది చదివి, పాలిటెక్నిక్ డిప్లొమా తెచ్చుకున్న మొదటి ఆడపిల్ల ఆమె. వరదలో పడవ మీద వెళ్లి తెగిన కేబులు అతికించి వచ్చింది. ఆమె పనిచేసే ఇంటర్నెట్ కంపెనీవాళ్లు విజయవాడలో సభ పెట్టి శాలువా కప్పారు. మన చర్చి సంఘం పిల్లలు ఇవన్నీ తెలుసుకోవాలి.

ఎవరికీ తెలియనిది ఇంకొకటుంది. చల్లపల్లి ఆఫీసు పై గదిలో ఆమె ఒక్కతే ఉంటుంది. విజయవాడ పెట్టెను చూసుకునే సాయిశ్రీ రోజూ పని మీద ఫోను చేసి, "ఏం కూరక్కా? మళ్లీ గుడ్డేనా?" అని ఆటపట్టించేది. సాయిశ్రీ ఉద్యోగం మానేశాక ఆ ఫోనూ లేదు. ఒకసారి నేను వెళితే గదిలో ఒకటే కంచం ఉంది. తను గిన్నె మూతలో తిన్నది.

ఈ జూలైలో విజయవాడ పెట్టె కాలిపోయింది. యజమాని వెంకటకృష్ణారావు గారు పాతది తయారుచేసిన కంపెనీదే కొత్త పెట్టె తెప్పించారు. అది చల్లపల్లి పెట్టెతో కలవలేదు. ఆయన చల్లపల్లి వచ్చి హెప్సిబాను నిలదీసినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"కంపెనీ ఒకటే, రంగొకటే. మీవాళ్లు జాతకాలు చూడరుగా, పెట్టెలకెందుకమ్మా?"

"చూడాలండి. రెండింట్లో పెట్టెను నడిపే కంట్రోల్ కార్డు ఒకే రకముండాలి. కొత్తదాన్లో తర్వాతి తరందొచ్చింది. పాతది దాన్ని జతగా ఒప్పుకోదండి."

"అయితే పాతది పీకేద్దాం. అంతా విజయవాడ నుంచే నడుపుదాం."

"మధ్యలో కేబులు తెగితే దివిసీమకి నెట్ పోద్దండి. ఇక్కడ పెట్టె ఉంటే బందరు దారిన తిప్పొచ్చు. పాత రకంది వెతుకుతానండి."

"పంద్రాగస్టు దాకా చూస్తా. తర్వాత గది ఖాళీ."

పాత యంత్రాలు బాగుచేసి అమ్మే చెన్నై వ్యాపారి దగ్గర అలాంటివి రెండున్నాయని తెలిసింది. ఫొటో చూసి కొనడానికి లేదట, మన కార్డును అక్కడి ఖాళీ పెట్టెలో పెట్టి, పక్కన దాన్ని కలిపి చూడాలట. హెప్సిబా చల్లపల్లి పెట్టెలోని అదనపు కంట్రోల్ కార్డు తీసి, సంచీలో పెట్టి, ఆ సంచీ ఒళ్లో పెట్టుకుని రైల్లో కూర్చుంది.

"ఎవర్నైనా తోడు తీసుకెళ్లమ్మా" అన్నాను.

"ఎవర్ని పెదనాన్నా?"

రైలు కదిలేదాకా పేర్లు ఆలోచిస్తూనే ఉన్నాను.

నిన్న ఫోను చేసింది. మొదటి పెట్టె కలవలేదట. రెండోది మన కార్డున్న పెట్టెతో కలిసి, రెండూ ఒకే యంత్రంలా నడిచాయట.

"మీ యజమానికి చెప్పావా?"

"చెప్పా. సరే తీసుకురమ్మన్నారు. గది ఉంటది." మళ్లీ తనే అంది, "ఇంకెవరికి చెప్పాలో తెలీక నీకు చేశా పెదనాన్నా. అన్నం తిన్నావా?"

ఇంటికొచ్చాక తేడా రాకుండా ఇంకో రెండు రోజులు అక్కడే నడిపించి చూసి, పెట్టెతో బయలుదేరుతుంది. ఆగస్టు పద్నాలుగు, గురువారం నాటికి చల్లపల్లి చేరుతుంది.