చిన్నమ్మ ఒప్పుకోలు కాగితం

ఈమధ్య కాఫీ అమ్మేచోట్ల కుర్చీలు మరీ ఎత్తుగా చేస్తున్నారు; ఎక్కడానికి ధైర్యం, దిగడానికి తోడు కావాలి. మొన్న హైటెక్ సిటీలో ఒక కంపెనీవారు మహిళల హక్కుల గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచి, ముందుగా అలాంటిదాని మీదే కూర్చోబెట్టారు. కాళ్లు గాలిలో వేలాడేసుకుని అద్దాల్లోంచి చూస్తే, కింద కార్లు నిలిపినచోటు ఒకప్పుడు మా గుడారాలుండిన జాగాలా తోచింది.

తొంభైల చివర్లో అక్కడన్నీ బండలే. సూదులు, పూసలు అమ్ముకుంటూ ఊరూరూ తిరిగే మావాళ్లు, కొత్త బిల్డింగులు కట్టే కూలీల ఆడవాళ్లు కొంటారన్న ఆశతో ఆ బండల మధ్య దిగారు. హాస్టళ్లు పట్టుకుని చదివి నేనప్పుడు డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. మా గుంపులో చదువులో మొదటిదాన్నీ చివరిదాన్నీ నేనే.

మా చిన్నమ్మను భర్త కట్టెతో కొడితే, విరిగిన చేత్తో మా గుడారానికి వచ్చేసింది. ఆమెను తిరిగి పంపడానికి కులపెద్దలు పంచాయితీ పెట్టారు. అందులో ఆడవాళ్లు కూర్చోరు. తమ సంగతే అయినా గుడారాల వెనక నిలబడి వినాలి. ఈసారి తీర్పు కాగితం మీద ఉండాలని వాళ్లలో పెద్దాయనకు బుద్ధి పుట్టింది, రాయడం నాకొక్కదానికే వచ్చు. నన్ను తెచ్చి నడుమ కూర్చోబెట్టారు. చదువుకున్నదాన్ని ఆడవాళ్ల లెక్కలోంచి తీసేసినట్టున్నారు.

చిన్నమ్మ ఇష్టపడి మొగుడి వెంట పోవడానికి ఒప్పుకున్నదని రాయమన్నారు. ఒప్పుకోవడం నేను వినలేదని పెన్ను ఆపాను.

"ఏంది పోరీ, రాయమంటే రాయాలె గని!" అన్నాడు పెద్దాయన.

"రాస్త తాతా. అబద్ధం రాస్తే పోలీసోళ్లొస్తరు, మరి!"

అలాంటి చట్టముందో లేదో నాకు తెలియదు. నేను చదివింది బోటనీ. కానీ పోలీసన్న మాట వింటే మావాళ్లు ముందు మూటలు సర్ది, తర్వాత ఆలోచిస్తారు. చిన్నమ్మను పిలిచారు. ఆమె కట్టు కట్టిన చేత్తో వచ్చి నా పక్కన కూలబడి, "నేను పోను. రాయి," అంది. రాశాను. రీఫిల్ కొరికి ఇంకు పూస్తే, విరగని చేతి వేలిముద్ర వేసింది. పెద్దాయన కూడా ముద్రకు వేలు చాపాడు.

తర్వాత లా చదివాను. ఇన్నేళ్లుగా నేను చేస్తున్నది ఆ పనే, ఆడవాళ్లను అడిగి రాయడం; ఇప్పుడు దానికి పెద్ద పెద్ద పేర్లొచ్చాయి. బండలు పోయాయి. మావాళ్లు పుప్పాలగూడ వైపు కిరాయి ఇళ్లలో స్థిరపడ్డారు. తెల్లారేలోపు గుడారం పీకి మూటకట్టే నేర్పు మా పిల్లలకు లేదు, అది తలచుకుంటే ఎందుకో కాస్త దిగులు. పంచాయితీలో మాత్రం ఆడవాళ్లు ముందువరుసలోనే కూర్చుంటున్నారు. పోయిన నెల ఆ వరుసను చిన్నమ్మకు గర్వంగా చూపించాను.

"కూసున్నరు సరే బిడ్డా," అంది. "నోరు తెరిచిందెవరు?"