అంబదాస్ టెంపో నిండలేదు

సూరత్‌లో ఉధ్నా దాటి పల్సానా వైపు పోయే రోడ్డు మీద ఒక పెట్రోలు పంపు ఉంది. దాని పేరుతో మనకు పని లేదు. అక్కడ డీజిల్ మిషన్ దగ్గర నీలం చొక్కా వేసుకుని, నెత్తిన టోపీ పెట్టుకుని, నాజిల్ పట్టుకుని నిలబడే మనిషితోనే పని. ఆమె పేరు సుభాషిణి. సిరిసిల్ల పక్క పల్లె నుంచి పెళ్ళయి సూరత్ వచ్చింది. భర్త సంపత్ మగ్గాల ఖాతాలో పని చేస్తాడు. ఇక్కడ మరమగ్గాల షెడ్డును ఖాతా అంటారు. డిండోలిలో అద్దె గది, బడికి పోయే కూతురు విజేత, ఇదీ సంసారం.

పంపుకు రాకముందు సుభాషిణి ఇంట్లో కూర్చుని చీరలకు వేలాడే దారాలు కత్తిరించేది. పొద్దున ఒక మూట వచ్చేది, సాయంత్రానికి ఆ మూట పోయేది. ఎవరు నేశారో తెలియదు, ఎవరు కట్టుకుంటారో తెలియదు. మెడ పట్టేసేది, కళ్ళు మండేవి. గుమ్మంలోకి వచ్చినవాళ్ళంతా సంపత్ భార్య అనో, విజేత మమ్మీ అనో పిలిచేవాళ్ళు. పంపులో ఆడవాళ్ళను తీసుకుంటున్నారని విని ఆమె వెళ్తానంటే సంపత్ మూతి ముడుచుకున్నాడు.

"మగోళ్ళ నడుమ నిలవడి డీజిల్ పోస్తవా?" అన్నాడు.

"నువ్వు మగ్గాల నడుమ నిలవడుతలేవా? నేను గాడ నిలవడ్త, గంతే," అంది.

అంది, వెళ్ళింది. మొదటి రోజు పేరున్న బిళ్ళ చొక్కాకు పెట్టుకుని అద్దంలో రెండుసార్లు చూసుకుంది. అబద్ధమెందుకు, ఇంకా ఎక్కువే చూసుకుంది. లారీల వాళ్ళూ టెంపోల వాళ్ళూ 'సుభాషిణీబెన్' అని, అక్కా అన్నట్టు, పేరు పెట్టి పిలుస్తుంటే ఆమెకు ప్రాణం లేచొచ్చేది. ఎండైనా, వానైనా, డీజిల్ వాసన తలకు పట్టినా, ఆ పని ఆమెకు ఇష్టం.

అలాంటి మనిషిని ఒక మధ్యాహ్నం నలుగురిలో దొంగ అన్నారు.

అన్నవాడు అంబదాస్ అనే టెంపో డ్రైవరు. జోల్వా ఖాతాల్లో నేసిన బట్టను అద్దకం మిల్లులకు చేరవేస్తుంటాడు. బండి అతనిది కాదు, సేటుది. డీజిల్ ఎంతుందో చూపే ముల్లు పనిచెయ్యదు. ట్యాంకు మూత ఎప్పుడో ఎక్కడో పడిపోయింది. దాని బదులు ఖాతాలో పారేసే చిందీ గుడ్డ ఒకటి మూతికి కుక్కి ఉంటుంది. సుభాషిణి ఆ గుడ్డ పీకి పక్కన పెట్టింది. 'జీరో చూసుకో భాయ్' అని, నాజిల్ పెట్టి నొక్కింది. కాసేపు డీజిల్ పోయింది, టక్కున ఆగింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ టక్. నాజిల్‌కు అదొక గుణం. ట్యాంకు నిండి డీజిల్ దాని కొసకు తగలగానే తనంతట తనే ఆగిపోతుంది. ఇక్కడేమో మెల్లగా నొక్కితే కాస్త పోతోంది గాని, గట్టిగా నొక్కగానే నిండకుండానే ఆగుతోంది. ఆగినప్పుడల్లా కొంచెం డీజిల్ వెనక్కి చిమ్మి బండి ఒళ్ళంతా కారుతోంది.

అంబదాస్‌కు తిక్క రేగింది. "ఏ బెన్, క్యా ఖేల్ హై?" ఇదేం ఆట అని హిందీలో అందుకున్నాడు. మొన్న ఫుల్ అని చెప్పి పంపావు, సగం దారిలో బండి ఆగిపోయింది, నొక్కుతూ వదులుతూ డీజిల్‌కు బదులు గాలి పోస్తున్నావు అని గొంతు చించుకున్నాడు. ఆఖరున, "చోర్ హై తూ!" అన్నాడు.

నాజిల్ ఆపి ఆపి పోస్తే అంకెలు తిరుగుతాయి గాని డీజిల్ తక్కువ పడుతుందని జనానికి ఒక అనుమానం. నిజమో కాదో దేవుడికెరుక, అనుమానం మాత్రం గట్టిది. వెనక నిలబడ్డ బండ్లలో ఒకటి చటుక్కున పక్క లైనులోకి మళ్ళింది. సుభాషిణి చెవులు కాలిపోయాయి.

మేనేజర్ ధర్మేశ్‌భాయ్ వచ్చాడు. కొలత డబ్బా తెప్పించి, అందరి ముందూ దాంట్లోకి పోయించాడు. గీతకు సరిగ్గా వచ్చి ఆగింది, చుక్క అటూ ఇటూ లేదు. "డబ్బాలో సరిగ్గానే పోస్తుంది, ఇంతమంది చూస్తున్నారు కదా!" అన్నాడు అంబదాస్. అవునవునని లైనులో తలలూగాయి. అతను గుడ్డ కుక్కుకుని, తిట్టుకుంటూ బండి తీశాడు.

ధర్మేశ్‌భాయ్ చెడ్డవాడు కాదు. ఆమెను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. "బెన్, నాకు నీ మీద అనుమానం లేదు. కానీ ఇంతమంది విన్నారు, ఈ మాట యజమాని దాకా పోతుంది. సంగతి తేలేదాకా హవా దగ్గర ఉండు. తేలకపోతే మాత్రం నిన్ను ఉంచుకోవడం నా చేతిలో లేదు."

హవా అంటే టైర్లకు గాలి కొట్టే మూల. సుభాషిణి నాజిల్ వదిలి అక్కడికి నడిచింది.

ఇంటికెళ్ళి చెప్తే సంపత్ జాలిపడ్డాడు. జాలిపడి, తప్పు మాట అన్నాడు. "పోనీ తియ్యి, మానెయ్యి. దారాల పని ఉండనే ఉన్నది గదా."

"దొంగ అనిపించుకోని మానేస్తె నిజంగ దొంగనే అయిత. మానెయ్య!" అంది. అన్నం కూడా సరిగ్గా తినలేదు. కడుపు మంట అలాంటిది.

రెండు రోజులు పోయాక అంబదాస్ టెంపో మళ్ళీ వచ్చింది. ఈసారి పక్క మిషన్‌కు, అక్కడ డీజిల్ పోసే జిగ్నేశ్ దగ్గరికి పోయింది. సుభాషిణి గాలి గొట్టం చేతిలో పట్టుకుని అటే చూస్తూ నిలబడింది. జిగ్నేశ్ నొక్కాడు. టక్. మళ్ళీ నొక్కాడు. టక్. డీజిల్ చిమ్మింది. అంబదాస్ ఇప్పుడు అరుస్తాడు, ఇప్పుడు తిడతాడు అని ఆమె చూస్తోంది. ఎక్కడ! ఇద్దరూ కలిసి నాజిల్‌ను తిట్టారు. మిషన్ పాతబడిందని ఒకడంటే అవునని ఇంకొకడన్నాడు. చూశారా? మగవాడి చేతిలో ఆగితే మిషన్ పాతబడిందట, ఆడదాని చేతిలో ఆగితే దొంగతనమట. ఆమె ఒళ్ళు మండిపోయింది.

మంట కాస్త చల్లారాక బుర్ర పనిచేసింది. నా చేతిలో ఆగింది, జిగ్నేశ్ చేతిలోనూ ఆగింది, వేరే ఏ బండికీ ఆగడం లేదు. అంటే రోగం నాజిల్‌లో లేదు, టెంపోలో ఉంది. గబగబా పోయి ధర్మేశ్‌భాయ్‌కు చెప్పింది. ఆయన గడ్డం గోక్కున్నాడు. "నువ్వు చెప్తే నిన్ను నువ్వు కాపాడుకుంటున్నావంటారు బెన్. ఆ డ్రైవర్ నోటితో రావాలి," అన్నాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి అంబదాస్ టెంపో హవా దగ్గరే ఆగి ఉంది. ముందు టైరులో గాలి తగ్గిందట. అతను ఆమె మొహం చూడకుండా వేలితో టైరు చూపించి, అటు తిరిగి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఆ మాటలు విని సుభాషిణి చేతులు ఆగిపోయాయి. తెలుగు! అచ్చంగా తన ఊరి తెలుగు!

"...ఫుల్ చేపిచ్చిన అంటె సేటు నమ్ముతలేడే. మరి బండి నడి రోడ్డు మీద ఎందుకాగింది, డీజిల్ అమ్ముకుంటున్నవు నువ్వు అంటుండు. రేపటికెల్లి వేరే డ్రైవర్‌ను పెడ్తడట. దొంగ అని పేరు వెట్టి పంపిస్తె ఇగ నాకెవడిస్తడే బండి?"

మొదట ఆమెకు, మంచిగయింది, అనిపించింది. అనిపించదా మరి? కానీ అవతల భార్య ఏడుస్తున్నట్టుంది, "ఊకో, ఊకో" అంటున్నాడు. దొంగ అనిపించుకోవడం ఎట్లా ఉంటుందో ఆ పంపులో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

"అన్నా, పంపుల ఫోన్ బంద్. జేబుల వెట్టు," అంది.

ఫోను అతని చేతిలోంచి జారబోయింది. "నువ్వు... మనోళ్ళా?"

"సిరిసిల్ల దిక్కు. గది తర్వాత మాట్లాడుదాం. ముందు ఒక్కటి చెప్పు. వేరే పంపుల ఎప్పుడన్న పోయించినవా?"

"పోయించిన. ఆడ గూడ గిట్లనే ఆగుతది. అందరు దొంగలే అనుకున్న."

"సూరత్‌ల పంపులన్ని ఒక్కటై నిన్నొక్కన్ని మోసం చేస్తున్నయా? అంత పెద్ద సేటువా నువ్వు?"

 ఈ కోణం అంబదాస్‌కు తోచనే లేదు.

సుభాషిణి టైరు సంగతి పక్కన పెట్టింది. "మెల్లగ నొక్కితె పోతున్నది, గట్టిగ నొక్కితె ఆగుతున్నది. నేను చూసిన. ఇంట్ల సీసల నూనె పోస్తం గదా, గరాటు గట్టిగ కూసుంటె నూనె దిగుతదా? దిగదు. జర లేపితె లోపలి గాలి బయటికచ్చి గుడగుడ దిగుతది. నీ టాంకిల గాలి బయటికి వస్తలేదు. గాలి వచ్చే తొవ్వ ఏడున్నది?"

ఇది మాత్రం అంబదాస్‌కు తెలుసు. ఎంతైనా డ్రైవరు. "డీజిల్ పోసే లావు పైపు పక్కన సన్న పైపు ఒకటుంటది. టాంకిలకెల్లి మీదికి, మూతి కాడికి వస్తది," అన్నాడు. అంటూనే అతని మొహం మారింది. పానా, స్క్రూడ్రైవరు తీసుకుని బండి కిందికి దూరాడు. పైపు ఎక్కడా నలగలేదు, మడత పడలేదు. రెండు కొసలూ ఊడదీసి బయటికి తెచ్చాడు. నోటితో ఊదబోతుంటే సుభాషిణి లాక్కుంది.

"నోట్లె డీజిల్ పోతది, పిచ్చోడా! హవా దగ్గర నిలవడి నోటితోని ఊదుతవా?"

తన చేతిలోని గాలి గొట్టాన్నే పైపు కొసకు పెట్టి నొక్కింది. గాలి అవతలికి రాలేదు. ఇంకాస్త నొక్కింది. ఒక్కసారిగా ఫట్టుమని నల్లటి ముద్ద ఒకటి ఎగిరి గోడకు తగిలి కింద పడింది. అంబదాస్ పుల్లతో విప్పి చూశాడు. దారాలు, పీచు, డీజిల్‌లో నాని గట్టిపడిన దూది.

ఇద్దరూ ఆ ముద్దను చూశారు. ఆ తర్వాత ట్యాంకు మూతికి కుక్కి ఉన్న చిందీ గుడ్డను చూశారు. దాని అంచులనిండా దారాలు ఊడి వేలాడుతున్నాయి.

"గీ గుడ్డ ఎవరు వెట్టిన్రు?" అంది సుభాషిణి.

"నేనే," అన్నాడు అంబదాస్, నేల చూపులు చూస్తూ. "మూత కొనియ్యమంటె సేటు కొనియ్యలే. గుడ్డయితె ఖాతాల ఊకెనే దొరుకుతది గదా అని..."

సుభాషిణికి నవ్వు వచ్చింది. ఆపుకుందామని చూసింది, ఆగలేదు. ఏళ్ళ తరబడి దారాలు కత్తిరించి, వాటి పీడ వదిలిందనుకుని ఇక్కడికొస్తే, ఆ దారాలే డీజిల్ ట్యాంకులో దూరి తన ఉద్యోగానికి ఎసరు పెట్టాయి. ఆమె నవ్వు చూసి అంబదాస్ కూడా నవ్వబోయాడు. తను నవ్వొచ్చో లేదో తెలియక మానుకున్నాడు.

తీగ వంచి మూతిలో మిగిలిన దారాలన్నీ లాగేశారు. పైపు మళ్ళీ బిగించారు. "కొత్త మూత తెచ్చుకో ఫస్టు. మళ్ళ గుడ్డ వెడితె మంచిగుండదు," అని ఆమె తరిమితే, అంబదాస్ రోడ్డవతల స్పేర్ పార్టుల దుకాణానికి ఉరికి మూత కొనుక్కొచ్చాడు. జిగ్నేశ్ చెప్పినట్టున్నాడు, ధర్మేశ్‌భాయ్ కూడా వచ్చి నిలబడ్డాడు. ఆ నల్ల ముద్ద చూసి, సుభాషిణి వైపు తిరిగి, డీజిల్ మిషన్ కేసి తల ఊపాడు.

ఆమె నాజిల్ అందుకుంది.  ఒకవేళ మళ్ళీ ఆగితే? ఆగితే ఈ పని పోయినట్టే. ఊపిరి బిగబట్టి నొక్కింది, గట్టిగా, పూర్తిగా. డీజిల్ పోయింది. పోతూనే ఉంది. అంబదాస్ నాజిల్ వైపు చూస్తున్నాడు, ధర్మేశ్‌భాయ్ అంకెల వైపు చూస్తున్నాడు, సుభాషిణి ఎటూ చూడకుండా చేత్తోనే వింటోంది. చాలాసేపటికి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, టక్ అంది. వంగి చూస్తే మూతి దాకా డీజిల్ నిండి ఉంది. ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

అంబదాస్ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. "తప్పయింది చెల్లె. మనోళ్ళని తెల్వక అన్న."

సుభాషిణి కళ్ళెత్తి చూసింది. "మనోళ్ళు కాకపోతె అనొచ్చా?"

అతను వంగి కొత్త మూత బిగించసాగాడు. ఆమె వదల్లేదు.

"నువ్వు నన్ను తెలుగుల అనలేదన్నా. హిందీల అన్నవు. లైన్ల ఉన్నోళ్ళందరు విన్నరు. గిప్పుడు చెవుల చెప్తె ఎట్ల? ఎట్లన్నవో గట్లనే చెప్పు."

అంబదాస్ లైను వైపు చూశాడు. మోటారు సైకిళ్ళు, టెంపోలు, ఒక బస్సు. మొహం కందగడ్డ అయింది. ఇక తప్పదనుకుని టెంపో మెట్టెక్కి నిలబడి అరిచాడు. "సునో భాయ్! బెన్ చోర్ నహీఁ హై! ఖరాబీ మేరీ గాడీ మేఁ థీ. గల్తీ మేరీ థీ!" బెన్ దొంగ కాదు, లోపం నా బండిలోనే, తప్పు నాదేనని.

వెనకనుంచి ఎవరో గుజరాతీలో, "జోర్‌థీ బోల్, సంభళాతు నథీ!" అన్నారు, గట్టిగా చెప్పు వినపడటం లేదని. నలుగురూ నవ్వారు. అంబదాస్ ఈసారి రోడ్డు మీది వాళ్ళు కూడా తిరిగి చూసేలా అరిచాడు. సుభాషిణికి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. టోపీ కిందికి లాక్కుంది గాని దాచుకోవాలని పెద్దగా ప్రయత్నించలేదు. "రేపటి నుంచి కూడా ఈ మిషన్ నీదే బెన్," అన్నాడు ధర్మేశ్‌భాయ్.

అంబదాస్ మెట్టు దిగాడు. బరువు దిగిన మనిషిలా లేడు. సేటు మాట అతని నెత్తి మీద అలాగే ఉంది. సాయంత్రం తాళాలిచ్చెయ్యాలి. సుభాషిణి జిగ్నేశ్‌ను రెండు నిమిషాలు తన మిషన్ కూడా చూడమంది. నల్ల ముద్దను ఒక కాగితంలో చుట్టి, సేటుకు చూపించమని అంబదాస్ చేతిలో పెట్టింది. అతన్ని పంపు బయటికి, రోడ్డు పక్కకు నడిపించింది.

"సేటుకు ఫోన్ కలుపు. నేను మాట్లాడ్త."

"నువ్వా? నువ్వెందుకు చెల్లె?"

"కలుపు ముందు."

అతను కలిపి ఇచ్చాడు. అవతల సేటు, డ్రైవర్ ఫోన్లో ఆడగొంతు విని, నువ్వెవరని గద్దించాడు.

"మై సుభాషిణి," అంది ఆమె హిందీలో. "మీ బండికి డీజిల్ పోసేది నేనే సేట్‌జీ. ట్యాంకు ఇన్నాళ్ళూ ఎందుకు నిండలేదో నా కళ్ళతో చూశాను, చెప్తాను వినండి. మీ డ్రైవరు దొంగ కాదు."