దుప్పటి అంచున ధోబీ గుర్తు

పోయిన ఆదివారం మా మనవరాలు గురుగ్రామ్ నుంచి ఢిల్లీ పక్కనే వైశాలిలో ఉన్న మా ఇంటికి చార్టు పేపరు చుట్టుకుని వచ్చింది. స్కూల్లో వంశవృక్షం గీసుకు రమ్మన్నారట. మావారు తన వైపు పేర్లు ఐదు నిమిషాల్లో చెప్పేశారు. తద్దినాల పుణ్యమా అని ఆయనకు మూడు తరాలు కంఠతా వచ్చు. ఇక మా పుట్టింటి ఆడవాళ్ళ వంతు నాది. నేను, మా అమ్మ, మా అమ్మమ్మ. ఆ పైన అమ్మమ్మ వాళ్ళ అమ్మ గడి దగ్గర ఆగిపోయాను. ఆవిడను ఇంట్లో అందరూ మడి మామ్మ అనేవారు. పేరు పెట్టి పిలవగా ఎవరూ వినలేదు. "నానీ, ఇస్ బాక్స్ మే క్యా లిఖూఁ?" ఈ గడిలో ఏం రాయనని అడుగుతూ మనవరాలు పెన్సిలు పట్టుకుని కూర్చుంది. విచిత్రమేమిటంటే, నాకేమీ కాని ఒక కుటుంబంలో వరసగా తొమ్మిదిమంది తల్లుల పేర్లు నేను ఇప్పటికీ గడగడా అప్పజెప్పగలను.

తొంభైల మధ్యలో మాట. మావారికి ఢిల్లీ పోస్టింగు వచ్చింది గాని కంటోన్మెంటులో క్వార్టరు రాలేదు. వచ్చేదాకా ఒక పాత ఇంటి డాబా మీద బర్సాతీలో కాపురం పెట్టాం. బర్సాతీ అంటే ఒక గది, దాని ముందు బోలెడంత ఎండ. కింద ఇంటావిడ ఒక్కరే ఉండేవారు. డెబ్భై దాటిన ఆంగ్లో ఇండియన్ మనిషి, పెళ్ళి చేసుకోలేదు, నలభై ఏళ్ళు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. వీధి వీధంతా టీచర్ ఆంటీ అనేవాళ్ళు. ఉద్యోగం మానినా చెయ్యి మానలేదు. ఎవరైనా పెళ్ళి కార్డు ఇస్తే ముందు ఎర్ర ఇంకుతో అందులో తప్పులన్నీ దిద్ది, ఆ తర్వాతే వెళ్ళాలా వద్దా అని ఆలోచించేవారు. మా పాప పుట్టినరోజుకు నేను రాసిన పిలుపు కూడా నాలుగు ఎర్ర గీతలతో తిరిగొచ్చింది.

మాది బందరని చెప్పిన రోజున ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "మసులీపట్నమా? అరే బేటీ, మాదీ అదే!" అన్నారు. పూర్వీకుడు రెండువందల యాభై ఏళ్ళ కిందట హాలెండు నుంచి ఓడలో బందరు వచ్చి, అద్దకం బట్టల వ్యాపారంలో పని చేసి, అక్కడే స్థిరపడ్డాడట. ఆయన తర్వాతి తరాలవాళ్ళు మద్రాసు, కలకత్తా మీదుగా రైల్వే ఉద్యోగాల వెంట ఢిల్లీ చేరారు. ఆంటీ బందరు మొహం ఎన్నడూ చూడలేదు. వలందపాలెం అని ఆ డచ్చివాళ్ళ పేట ఇప్పటికీ ఉందనీ, మా లెక్కల మాస్టారి ఇల్లు అక్కడేననీ చెబితే, ఆ ఒక్క ముక్కనే మూడుసార్లు చెప్పించుకున్నారు. వాళ్ళ బైబిలు అట్ట లోపల వంశవృక్షం ఉండేది. అందులో మొదటాయన గుమాస్తా. ఆంటీ వాళ్ళ అమ్మ నోట్లో కెప్టెన్. ఇంకో తరం గడిచి ఉంటే గవర్నరు అయ్యేవాడే. ఆయన పేరు పక్కన భార్య పేరుండవలసిన చోట ఒట్టి గీత. హాలెండు దొరసానేననీ, సముద్ర ప్రయాణంలో కాగితాలు తడిసి పేరు పోయిందనీ ఆంటీ చెప్పేవారు. మా రక్తంలో కలగలుపు లేదు అని కూడా గట్టిగా అనేవారు. నేను తలూపేదాన్ని.

బైబిలు మగవాళ్ళది. ఆడవాళ్ళకు వేరే ఆస్తి ఉంది. అది ఒక అద్దకం దుప్పటి. మధ్యలో పూలచెట్టు, అంచుల్లో హంసలు, ఎరుపు ఇంకా ఎరుపుగానే ఉంది. తల్లి నుంచి కూతురికి, కూతురు లేకపోతే అక్కచెల్లెళ్ళ కూతురికి వెళ్ళాలి. ఊరికే ఇవ్వరు. టీ బల్ల దగ్గర అందరూ కూర్చున్నాక, తీసుకునే పిల్ల తన తల్లి మొదలుకొని తల్లులందరి పేర్లూ వెనక్కి చెప్పాలి. ఈ తరానికి ఎనిమిది పేర్లు చెప్పి, తొమ్మిదో చోట, అంటే బైబిల్లో ఒట్టి గీతగా ఉన్న ఆవిడ దగ్గర, తల వంచి ఊరుకోవాలి. అదీ వాళ్ళ ఆచారం. నాకు ఈ ఆచారం మీద పిచ్చి కుతూహలం పట్టుకుంది. కూరగాయలు తరుగుతూ ఆ ఎనిమిది పేర్లూ నేర్చేసుకున్నాను.

ఆ ఏడు ఇంటిని బిల్డరుకు ఇచ్చేసి, డెహ్రాడూన్‌లో స్నేహితురాలి దగ్గరికి వెళ్ళిపోదామని ఆంటీ నిర్ణయించుకున్నారు. వెళ్ళేలోగా దుప్పటి చెల్లెలి కూతురికి అప్పగించాలి. ఆ అమ్మాయి కటవారియా సరాయ్‌లో అద్దె గదిలో ఉండి ఏవో పరీక్షలకు చదువుతోంది. పుస్తకాలు పోగా గదిలో మంచమే మిగిలింది. ఒక ఆదివారం వచ్చి, "మౌసీ, మ్యూజియమ్‌కి ఇచ్చెయ్యండి ప్లీజ్. చివరికి వచ్చేసరికి పేరు కూడా తెలియని ఆవిడ కోసం ఇదంతా ఎందుకు?" అనేసింది. ఆ పిల్ల వెళ్ళాక ఆంటీ కప్పులు తనే కడిగారు, అప్పటికే కడిగినవి కూడా మళ్ళీ కడిగారు. నాకు చాలా బాధేసింది.

వానలకు దుప్పటి వెనక కుట్టిన లైనింగుకు బూజు పట్టింది. అది విప్పి కొత్తది వెయ్యమని ఆవిడ నాకిచ్చారు. "ఓ మూల ధోబీ మార్క్ ఉంటుంది, కనబడనివ్వకు. మా ముత్తవ్వ సిగ్గుపడి దానికోసమే లైనింగు వేయించింది" అన్నారు. డాబా మీద ఎండలో కూర్చుని కుట్లు విప్పాను. మూల మడతలో, పూలచెట్టు గీసిన ఆ అద్దకం నలుపుతోనే రాసిన రాత బయటపడింది. అది ధోబీ గుర్తు కాదు. తెలుగు. అదీ గొలుసుకట్టు తెలుగు, అక్షరానికి అక్షరం తగిలించి కలం ఎత్తకుండా రాసింది. మా నాన్న బందరులో దస్తావేజులు రాసేవారు కాబట్టి పాత కాగితాలు చూసి చూసి నాకా రాత కాస్త అలవాటు. మావారికి చూపిస్తే జిలేబీ చుట్టలన్నారు. నేను పూర్తిగా కూడబలుక్కునే సరికి నీడ గోడెక్కింది. "కూతురు అచ్చమ్మకు సారె దుప్పటి."

రెండు రోజులు కిందికి దిగలేదు. దారం దొరకలేదని వంక పెట్టాను. కలగలుపు లేదని డెబ్భై ఏళ్ళుగా చెప్పుకుంటున్న మనిషికి, మీ దొరసాని మా బందరు అద్దకం వాళ్ళ అమ్మాయని ఏ మొహం పెట్టుకుని చెప్పను? "చెప్పకపోతే ఏం పోయిందే, కుట్టేసి ఇచ్చెయ్యి" అన్నారు మావారు. కుట్టేద్దామనే సూది తీశాను. కానీ ఆ పేరు మీద బట్ట కప్పడానికి నా చెయ్యి రాలేదు. ఇప్పటికే ఒకసారి కప్పారు కదా. మూడోరోజు దుప్పటి పట్టుకుని వెళ్ళి, వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివి చెప్పాను.

ఆవిడ ఆ మూలను కిటికీ వెలుగులోకి జరుపుకున్నారు. "సారె అంటే?" అని అడిగారు.

"కూతురు అత్తారింటికి వెళ్ళేటప్పుడు పుట్టింటివాళ్ళు ఇచ్చి పంపేది ఆంటీ."

"అంటే వాళ్ళే పంపించారా? ఆమె తండ్రి ఇచ్చి పంపాడా?"

"ఇష్టం లేకపోతే సారె పెట్టరు. పైగా స్వయంగా అద్ది పెట్టాడు."

ఆంటీ కళ్ళజోడు తీసేశారు. "నాకు ఎప్పటినుంచో అనుమానమే బేటీ. మేం ఇంత నల్లగా ఉండి ఏం హాలెండు! కానీ పేరు లేదంటే పెళ్ళి కూడా లేదేమో, ఎవరో తెచ్చి ఉంచుకున్న మనిషేమోనని భయం. అందుకే ఎవరినీ అడగనివ్వలేదు" అన్నారు. నేను మూడు రోజులు పడిన బెంగంతా ఎందుకూ కాకుండా పోయింది. ఆవిడ బైబిలు తెచ్చి, ఆ ఒట్టి గీత మీద నా చేత తెలుగులో అచ్చమ్మ అని రాయించారు. కింద తను ఇంగ్లీషులో రాసుకున్నారు, ఎర్ర ఇంకుతో.

చెల్లెలి కూతుర్ని మళ్ళీ పిలిచారు. ఆ అమ్మాయి రాతను వేలితో తడిమి, "మౌసీ, దీన్ని ఆమె నాన్న రాశాడా?" అని అడిగింది. మ్యూజియం మాట ఎత్తలేదు. టీ బల్ల దగ్గర ఎనిమిది పేర్లూ చెప్పి, తొమ్మిదోది "అచమ్మా" అంది. ఆంటీ ఊరుకుంటారా! ఒత్తు పలికేదాకా నాలుగుసార్లు చెప్పించి, అప్పుడిచ్చారు. లైనింగు నేనే వేశాను, ఆ మూల మాత్రం వదిలేసి. మిగతా ఎనిమిది పేర్లూ ఇక్కడ రాయను, అవి వాళ్ళింటివి. అచ్చమ్మ మాత్రం ముందు మా ఊరిది.

మనవరాలి చార్టులో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. బందరులో ఉన్న మా పిన్నికి ఫోన్ చేశాను. "మడి మామ్మకు పేరేంటే, మడి మామ్మే" అంది. మా అమ్మకు తెలిసే ఉండాలి. చివరి రెండేళ్ళూ ఆవిడ నా దగ్గరే, ఈ ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నాలు ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ టీచర్ ఆంటీ తల్లుల గురించి ఎన్నిసార్లు చెప్పుకున్నామో. అచ్చమ్మ పేరు తరాలపాటు లైనింగు కింద ఉండి నా చేతికి దొరికింది. మా మడి మామ్మ పేరు రెండేళ్ళపాటు నా ఎదురుగా కూర్చుని, నేను అడగలేదు కాబట్టి, లేచి వెళ్ళిపోయింది.